చార్టు మొత్తం వచ్చు, పదం మాత్రం రాదు: ఒక నర్సుకు హిరగన, కతకన పట్టుబడిన తీరు

ఈ కేసు ఒక నర్సుది. కరీంనగర్ వైపు అమ్మాయి. జీఎన్‌ఎం చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు చేస్తోంది. జపాన్ వెళ్లి వృద్ధుల సంరక్షణ పనిలో చేరాలన్నది ఆమె ప్రయత్నం. ఆ పనిని అక్కడ కైగొ అంటారు. 2019 ఏప్రిల్ నుంచి జపాన్ ఇస్తున్న స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాలో కైగొ కూడా ఒక రంగం. భాష వరకు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 (అన్నిటికంటే కింది మెట్టు ఎన్5, దానికి పైది) పాసవ్వాలి, లేదంటే జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాషా పరీక్షలో 250కి 200 తెచ్చుకోవాలి. కైగొకు సంబంధించిన పరీక్షలు వేరే ఉన్నాయి. ఆమె నా దగ్గరికి వచ్చేసరికి ఇవన్నీ చాలా దూరంలో ఉన్నాయి. అంతకుముందు ఒక కోచింగ్ సెంటర్‌లో చేరితే వారంలో రెండు లిపులూ బట్టీ కొట్టి రమ్మన్నారట. కొట్టింది. తీరా పాఠాలు మొదలయ్యాక పుస్తకంలో ఒక్క వాక్యం కూడబలుక్కోలేకపోయింది. తనకు భాషలు అబ్బవని తీర్మానించుకుని మానేసింది.

తెలుగువాళ్లకు జపనీస్‌లో మొదటి మెట్టు ఎక్కించడం నా పని. ఇలా ఆగిపోయినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఈమె కేసు రాయడానికి కారణం, ఇబ్బంది ఎక్కడుందో ఈమెలో బయటికే కనిపించడం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జపనీస్‌లో చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలు కాక, శబ్దాన్ని రాసే లిపులు రెండు. హిరగనలో మూలాక్షరాలు 46. అవే శబ్దాలకు కతకనలో ఇంకో 46. దేశి మాటలు, విభక్తులు, క్రియల తోకలు హిరగనలో రాస్తారు. బయటి భాషల నుంచి తెచ్చుకున్న మాటలు కతకనలో. రెంటినీ కలిపి కన అంటారు. మన దగ్గర చాలామంది 'కటకానా' అని రాస్తారు, అది రోమన్ స్పెల్లింగ్ చలవ. జపాన్‌వాళ్ల నోట అది కతకన. అన్నీ హ్రస్వాలే, త దంత్యమే.

మొదటి రోజు చూసింది

"సెన్సే, చార్టు మొత్తం అప్పజెప్తా, వింటరా?" అంది కూర్చోగానే. సెన్సే అంటే టీచర్. విన్నాను. అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ అని మొదలుపెట్టి చివరి 'న్' దాకా ఎక్కడా తట్టుకోకుండా వెళ్లింది. తర్వాత హిరగన కార్డులు కలిపి ఒక్కొక్కటే ముందు పెట్టాను. 'మి' చూపించాను. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. బొటనవేలు చూపుడువేలి కణుపుల మీద జరిగింది. మొదటి కణుపు, రెండో కణుపు. అక్కడ ఆగి "మి" అంది. 'రె' పెడితే నాలుగు కణుపులు నడిచింది. 'ను' దగ్గర రెండు వరసలు తిరిగి, రెంటిలో ఏదో తేల్చుకోలేక 'మె' అంది.

"ఎలా పడుతున్నావమ్మా?" అని అడిగాను.

"చార్టుల ఆ అక్షరం ఏ వరుసల ఉంటదో యాదికున్నది సెన్సే. ఆ వరుస మొదటికెళ్లి సదువుకుంట వస్తా. అట్లనే సూస్తే రాదు."

ఏడెనిమిదులు ఎంత అంటే ఏడో ఎక్కం మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చే పిల్లవాడి పరిస్థితి ఇది. ఒక్క అక్షరమైతే ఎలాగో గడుస్తుంది. నాలుగక్షరాల మాటలో నాలుగోది తేలేసరికి మొదటిది జారిపోతుంది. 'కుసురి' అని హిరగనలో రాసి ఇచ్చాను. మూడు అక్షరాలూ తప్పు లేకుండా చదివింది, కాని మూడు విడి శబ్దాలుగా. కుసురి అంటే మందు అని ఆమెకు ముందే తెలుసు, యాప్‌లో రోమన్‌లో నేర్చుకుంది. తను చదువుతున్నది ఆ మాటే అని మాత్రం తోచలేదు.

ఇంకొకటి కూడా చూశాను. చెయ్యిని జపనీస్‌లో 'తె' అంటారు. రోమన్‌లో టీ, ఈ అనే రెండక్షరాలు చూసి ఆమె 'టె' అంది. రోమన్ టీ కనబడితే మన నాలుక అంగిట్లోకి మడతపడుతుంది, చిన్నప్పటి ఇంగ్లీషు మీడియం అలవాటు. జపనీస్‌లో ట లేదు, డ లేదు. అంటే రోమన్ చార్టు మీద నేర్చుకుంటున్నంతసేపూ తప్పు శబ్దానికి ఆకారాన్ని ముడివేస్తోందన్నమాట.

చెవికి ఉన్నది, కంటికి లేనిది

ఆమె చార్టును అంత సులువుగా అప్పజెప్పడంలో వింత లేదు. ఆ చార్టు వరస మనకు పరాయిది కాదు. జపాన్ బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాలను 'సిద్ధం' అనే భారతీయ లిపిలో చదువుకునేవారు. అక్షరాలను నోట్లో పుట్టే చోటును బట్టి పేర్చే పద్ధతి ఆ చదువులోంచి వాళ్లకు వచ్చింది. అందుకే ముందు అచ్చులు, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన క చ త ప య ర వ లే. స చ-వర్గం చోట ఉంది. హ ఒకప్పుడు ప శబ్దం, కాబట్టి న తర్వాత మ ముందు, సరిగ్గా ప ఉండాల్సిన చోట కూర్చుంది. ఇది చెప్పాక మా విద్యార్థులు వరసల క్రమాన్ని మళ్లీ మర్చిపోరు.

వరస ఒక్కటే కాదు. హ్రస్వ ఎ, హ్రస్వ ఒ మనకు వేరే అక్షరాలుగా ఉన్నాయి, కాబట్టి అ ఇ ఉ ఎ ఒ ఉన్నదున్నట్టు తెలుగులో రాయొచ్చు. హ్రస్వదీర్ఘాల తేడా మనకు పుట్టుకతో వచ్చిందే. ఒబసన్ అంటే పిన్ని వయసు ఆవిడ, ఒబాసన్ అంటే ముసలావిడ. బిరు అంటే పెద్ద కట్టడం, బీరు అంటే మనకు తెలిసిన బీరే. 'న్' అనే అక్షరం మన సున్నలా నడుస్తుంది. సంపొ (షికారు నడక), కంజి, కంగొ (నర్సింగ్) మూడింటిలోనూ ఒకే అక్షరం, పక్క హల్లును బట్టి శబ్దం మారుతుంది. గంప, గంజి, గంగలో మనం ఏం చేస్తున్నామో అదే. త వరస త, చి, త్సు, తె, తొ అని ఉంటుంది. ఇది చూసి ఇతర భాషలవాళ్లు విసుక్కుంటారు. మనకు చీమలో చ వేరు, చుక్కలో చ వేరు. ఇకారం ముందు తాలవ్యం, ఉకారం ముందు దంత్యం. 'త్సు' అంటే చుట్టంలో వచ్చే ౘు.

అన్నిటికంటే పెద్ద లాభం పరుష సరళాలు. హిరగనలో క, స, త, హ వరసల అక్షరాలకు పైన కుడి మూల రెండు చిన్న గీతలు పెడితే గ, జ, ద, బ వరసలు అవుతాయి. హ మీద చిన్న సున్న పెడితే ప. బడిలో క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని వల్లెవేసినవాళ్లకు ఈ 25 అక్షరాలు వేరే నేర్పక్కర్లేదు. క్య, క్యు, క్యొ లాంటివి 33. 'కి' పక్కన చిన్న 'య' రాస్తే క్య. య-వత్తు అనుకుంటే సరిపోయింది.

ఇంత ఉండి ఆమె ఎక్కడ ఆగింది? మన లిపిలో క చూసినవాడు కి, కు, కె, కొ లను పోల్చుకోగలడు. ఒంట్లో క అలాగే ఉంటుంది, తలకట్టు తీసి గుడి పెడతాం, కొమ్ము పెడతాం. కనలో అలాంటిదేమీ లేదు. క, కి, కు, కె, కొ అయిదూ అయిదు వేర్వేరు బొమ్మలు. తెలుగు కన్ను మాత్రం అలవాటు కొద్దీ ఆ వరసలో కుటుంబ పోలిక వెతుకుతూనే ఉంటుంది, దొరకదు. చెవికి గుణింతం ఉంది, కంటికి లేదు. ఆమె వారమంతా అప్పటికే ఉన్న శబ్దాన్ని మళ్లీ మళ్లీ వల్లెవేసింది. లేని ఆకారం మీద పెట్టిన సమయం దాదాపు సున్న. నా నిర్ణయం దీనిమీదే నిలబడింది: శబ్దం పనిని తెలుగుకు వదిలేసి, ఆమె శ్రమ మొత్తాన్ని ఆకారం మీదికి మళ్లించడం.

రోమన్ తీసేశాం

పాత చార్టు పక్కన పెట్టించాను. కొత్త కార్డుల ముందు వైపు ఒక్క కన అక్షరం, వెనక తెలుగులో శబ్దం. నా తోటి టీచర్లలో కొందరు దీన్ని ఒప్పుకోరు. రోమన్ ఊతకర్ర అయితే తెలుగు కూడా ఊతకర్రే కదా అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది, అందుకే ఒక హద్దు పెట్టుకున్నాను. తెలుగు కార్డు వెనక మాత్రమే ఉండాలి. పుస్తకంలో కన అక్షరాల మీదా కిందా పెన్సిల్‌తో ఒక్క తెలుగక్షరం రాయకూడదు. రెండు లిపులు పక్కపక్కన ఉంటే కన్ను తెలిసినదాని మీదికే పోతుంది. కంజి మీద చిన్నగా హిరగన ముద్రించిన పుస్తకాలు చదివేవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు.

ఫోన్ కీబోర్డు కూడా మార్పించాను. ఆమె రోమన్‌లో టైపు చేస్తే అది కనలోకి మారేది, అంటే ప్రతి మాటకూ రోమన్ మళ్లీ లోపలికొచ్చేది. జపాన్‌లో ఫోన్ల మీద ఎక్కువగా వాడే ఫ్లిక్ కీబోర్డులో అ, క, స, త, న, హ, మ, య, ర, వ అని పది మీటలుంటాయి. మీట నొక్కితే క, ఎడమకు జరిపితే కి, పైకి కు, కుడికి కె, కిందికి కొ. ఆమె వేళ్లకు అప్పటికే వచ్చిన వరసలు ఇక్కడ పనికొచ్చాయి. చార్టు అప్పజెప్పడం వృథా అని నేననను. నిఘంటువు ఆ వరసలోనే ఉంటుంది, పేర్ల జాబితాలూ అంతే. ముందుముందు క్రియలు కూడా అందులోనే నడుస్తాయి. 'కకు' అంటే రాయడం: కకనై, కకిమసు, కకు, కకెబ, కకో. క వరస మొత్తం దిగిపోయింది. చదవడానికి మాత్రం ఆ వరస అడ్డం.

ఒంటి మీద 46 అక్షరాలు

మామూలుగా పాఠం అ వరసతో మొదలై రోజుకు రెండు వరసలు సాగుతుంది. ఈ కేసులో వరసలు పక్కన పెట్టి మాటలతో మొదలుపెట్టాను. మొదటి మాట 'ఇతై', నొప్పిగా ఉంది అని. రెండే అక్షరాలు: ఇ, త, మళ్లీ ఇ. నర్సుకు ఇంతకంటే అవసరమైన మాట ఏముంటుంది? రెండో మాట 'కత', భుజం. పాత అక్షరం ఒకటి, కొత్తది ఒకటి. ఆ తర్వాత అశి (కాలు), కొశి (నడుము), కుచి (నోరు), మిమి (చెవి), హన (ముక్కు), మె (కన్ను), మునె (ఛాతీ), ఒనక (పొట్ట), సెనక (వీపు). సెనక అంటే వెనక అని ఆమే నవ్వుతూ కలిపేసుకుంది, ఆ మాటకు ఇంకే గుర్తూ అక్కర్లేకపోయింది.

శరీరం, వార్డు మాటలతోనే 46 అక్షరాలూ పూర్తవుతాయి. అరుదుగా కనబడే 'ను' కూడా నురు (మందు రాయడం)లో ఉంది, 'రు' దాని వెంటే వచ్చింది. వకి (చంక, థర్మామీటర్ పెట్టే చోటు)లో వ. హెసొ (బొడ్డు)లో హె, సొ. తొకొజురె (పడకపుండు)లో తొ, కొ, రె. యొదరె (చొంగ)లో యొ. ఉశిరొ (వెనక్కి)లో రొ. వ వరసలో ఉండే రెండో 'ఒ' ఒక్కటీ ద్వితీయా విభక్తిగా తప్ప రాదు: కుసురి ఒ నురు, మందు రాయడం. జ్వరం చూడటాన్ని 'కెన్ఒన్' అంటారు, సున్న అక్షరానికి అది. ఇక్కడ తెలుగు మోసం చేస్తుంది. సున్న తర్వాత అచ్చు మనకు రాదు కాబట్టి 'కెనొన్' అని కలిపేస్తాం. రెండు ముక్కలుగా ఆపి చదవాలి. ఇది ఆమెకు చాలారోజులు పట్టింది.

మాట కార్డులు వచ్చాక పెదాల కదలిక తగ్గడం మొదలైంది. కుసురి, నెత్సు (జ్వరం) లాంటివి మూడోసారో నాలుగోసారో ఒక్క చూపులో బయటికొచ్చాయి. వేలు కణుపుల మీదికి వెళ్లడం చివరిదాకా మిగిలింది హ, ర వరసల్లోనే.

రోజుకు ఎంతసేపు అని అడిగేవాళ్ల కోసం: షిఫ్టుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, కూర్చున్నప్పుడల్లా పది నిమిషాల లోపు. కార్డులు మూడు పెట్టెల్లో ఉండేవి. వెంటనే వచ్చినది తర్వాతి పెట్టెలోకి పోతుంది, తడబడినది మొదటి పెట్టెకే తిరిగొస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. ఒక్క నియమం మాత్రం కలిపాను. సరైన సమాధానం ఆలస్యంగా వచ్చినా తప్పు కిందే లెక్క. పెదాలు కదిలితే కార్డు మొదటి పెట్టెకు. దీంతో ఆమెకు మొదట్లో నా మీద కోపం వచ్చింది, అన్నీ కరెక్టు చెప్పినా పెట్టె ఖాళీ అవ్వట్లేదని.

ఒకే అక్షరాన్ని పేజీ నిండా రాయించడం నేను చేయించను. మూడోసారి నుంచి చెయ్యి ఒక్కటే రాస్తుంది, మనిషి ఎక్కడో ఉంటుంది. నేను తెలుగులో మాట చెప్తే ఆమె చూడకుండా హిరగనలో రాయాలి, ఒక్కసారే. రానిది ఖాళీ వదిలేయాలి. ఆ ఖాళీలే మర్నాటి పాఠం.

కొండగుర్తులు అవసరమైనంత మేరకే వాడాం. ఇంగ్లీషు మీద అల్లిన కొండగుర్తులు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. తెలుగులో ఆలోచించే మనిషికి వాటిలో రెండు మెట్లు ఎక్కి దిగాల్సి వస్తుంది. ఆమె సొంతంగా కట్టుకున్నవి ఇవి: కుడి వైపు నోరు తెరిచిన కోణం 'కు'. చుట్టు తిరిగి వచ్చే ఒంపు గీత 'త్సు'. గుండ్రంగా ఉండి నడిమికి గీత పడిన నొప్పి మాత్ర 'నొ'. ఇలాంటివి పది లోపే. మిగిలినవి మాటల్లోంచే వచ్చాయి, అన్నిటికీ కథలు కట్టడం దండగ.

కవలలు

46లో నిజంగా ఇబ్బంది పెట్టేవి పదమూడుకు మించవు. ను, మె ఒక జంట. నె, రె, వ ఒక గుంపు. రు, రొ. స, చి, కి. హ, హొ, మ. విడివిడిగా నేర్చుకున్నప్పుడు వీటిలో ఏదీ కష్టం కాదు, పక్కపక్కన వచ్చినప్పుడే తేడా పోతుంది. కాబట్టి వీటిని కావాలనే పక్కపక్కన పెట్టాను. ను, మె రెండే కార్డులు, కలిపి కలిపి చూపించడం, అంతే.

ఆకారం ఎందుకలా ఉందో చెప్తే ఈ అమ్మాయికి బాగా ఎక్కింది. హిరగన అక్షరాలన్నీ కంజిని గొలుసుకట్టుగా రాయగా రాయగా పుట్టినవి. 'మె' స్త్రీ అనే అర్థం ఉన్న కంజి నుంచి వచ్చింది. 'ను' వచ్చిన కంజిలో ఎడమ సగం అదే, కుడివైపు ఇంకో ముక్క అదనం. ఆ అదనపు ముక్కే ఇప్పుడు చివరి ముడిగా మిగిలింది. నె, రె వచ్చిన రెండు కంజిల్లోనూ ఎడమ భాగం ఒకటే, కాబట్టి ఇవాళ్టికీ రెంటికీ ఎడమ పక్క ఒకే నిలువు గీత, ఒకే వంకర. తేడా తోకలో ఉంది. నె తోక ముడిపడుతుంది, రె తోక బయటికి విసురుతుంది, వ పొట్ట గుండ్రంగా లోపలికి తిరిగి ఆగుతుంది. ఆమె ఒక సూత్రం తీసింది: "న, ను, నె మూడిట్ల చివరకు ముడి ఉంటది సెన్సే." సరైనదే. ని, నొ లకు అది వర్తించదు, కాని ఆ రెండూ దేనితోనూ కలవవు.

'చిన్న త్సు' గురించి వేరే చెప్పాలి. ద్విత్వం కోసం జపనీస్‌లో హల్లుకు ముందు త్సు అక్షరాన్ని చిన్నగా రాస్తారు. కితె అంటే రా అని, కిత్తె అంటే తపాలా బిళ్ల. మన వత్తు హల్లు కింద పడుతుంది, వాళ్లది ముందొస్తుంది. ఆమె నోట కిత్తె చాలాకాలం 'కిత్సుతె'గానే వచ్చింది. శబ్దం తెలియక కాదు, ద్విత్వం మన నోట ప్రతి రెండో మాటలో ఉంది. చిన్నదా పెద్దదా అని కన్ను కొలవడం అలవాటు కావాలి. గళ్ల కాగితం మీద చిన్న త్సు, మామూలు త్సు పక్కపక్కన రాయించాక దారిలో పడింది.

కతకన

మూడో వారం చివరికి ఆమె హిరగనలో తెలిసిన మాటలను ఆగకుండా చదువుతోంది. అప్పుడే కతకన మొదలుపెట్టాం. చాలామంది దీన్ని తర్వాత చూద్దాంలే అని వాయిదా వేస్తారు, ఎన్4 దాకా వచ్చినా కతకనలో నత్తి పోనివాళ్లు నాకు తెలుసు. కైగొలో ఆ వాయిదా కుదరదు. వార్డు సామాను సగం కతకనలోనే ఉంటుంది.

ఇక్కడ ఆటలాంటి పద్ధతి పెట్టుకున్నాం. నేను కార్డు చూపిస్తాను, ఆమె శబ్దం పైకి చదివి అది ఏ వస్తువో ఊహించాలి. బెద్దొ, షీత్సు, తఒరు, మసుకు, సుపూన్, ఎపురొన్ వరసగా దొరికిపోయాయి. తొఇరె దగ్గర కొంచెం ఆగి "టాయిలెటా?" అంది. 'నాసుకోరు' అంటే నర్స్ కాల్ అని తనే పట్టుకుంది. 'కొప్పు' చదివి పగలబడి నవ్వింది. అది డచ్చివాళ్ల నుంచి వచ్చిన మాట, కప్పు అని అర్థం. 'కరుతె' మాత్రం ఎంతకీ తేలలేదు, తేలదు కూడా. పేషెంటు రికార్డు అది, జర్మన్ మాట. జపాన్ వైద్యులు ఒకప్పుడు జర్మన్‌లో చదువుకోవడం వల్ల ఆసుపత్రిలో అలాంటివి ఇంకా ఉన్నాయి. గాజె (గాయానికి వేసే గాజ్ గుడ్డ), అరెరుగీ (అలర్జీ) ఆ కోవలోవే. ఇంగ్లీషు తెలిస్తే కతకన వచ్చేస్తుందనుకునేవాళ్లకు నేను మొదట చూపించే కార్డు కరుతె. ఇంకో మాట, మన భాష పేరు కతకనలో 'తెరుగు'. ల లేదు కదా.

కవలల్లో పరమ కష్టమైనవి కతకనలోనే ఉన్నాయి: శి, త్సు ఒక జంట, సొ, న్ ఇంకో జంట. చూడ్డానికి మొదటి జంటలో రెండు చిన్న గీతలు, రెండో జంటలో ఒకటి, వాటితో ఒక పొడుగు గీత, అంతే. తేడా చెయ్యి కదిలే దిశలో ఉంది. శిలో రెండు చిన్న గీతలు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీత కింద నుంచి పైకి లేస్తుంది. త్సులో చిన్న గీతలు పై అంచున పక్కపక్కన ఉంటాయి, పొడుగు గీత పై నుంచి కిందికి దిగుతుంది. ఇప్పుడు వీటి మీద హిరగన అక్షరాన్ని వేలితో గీయించాను. హిరగన శి ఎడమ పక్క నుంచి దిగి కుడికి లేచే కొక్కెం. కతకన శిలోని మూడు గీతలూ ఆ దారిలోనే పడతాయి. హిరగన త్సు పై అంచు వెంట వెళ్లి కిందికి మళ్లుతుంది. కతకన త్సు గీతలు ఆ దారిలో. న్, సొ లకూ ఇదే లెక్క. పైకి లేస్తే న్, కిందికి దిగితే సొ. చూసి పోల్చుకోవడానికి నెల పట్టే తేడా, రాసి పోల్చుకుంటే ఆమెకు ఒక పూటలో అర్థమైంది. అర్థమవడం వేరు, వేగంగా చదవడం వేరు, అది తర్వాత చెప్తాను.

నైట్ డ్యూటీల తర్వాత

మధ్యలో ఆమెకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి, రెండు వారాలు కార్డులు ముట్టుకోలేదు. ఈ విరామం నేను పెట్టింది కాదు, కాని ఒక పరీక్షలా పనికొచ్చింది. తిరిగొచ్చిన రోజు హిరగన మాటలు దాదాపు అలాగే ఉన్నాయి, కాస్త నెమ్మదించాయి. కతకన బాగా దెబ్బతింది. అందులోనూ పడింది ను, ఫు, వ, మె. బెద్దొ, తఒరు, తొఇరె లోని అక్షరాలకు ఏమీ కాలేదు. అంటే నిలిచినది అక్షరం కాదు, మాట. ఏ అక్షరానికి గట్టి మాట తోడుగా లేదో అదే జారింది. కతకన ను చాలా తక్కువ మాటల్లో వస్తుంది, దానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. తర్వాత జారిన ప్రతి అక్షరానికీ రెండేసి మాటలు వెతికి ఇచ్చాను. విడి అక్షరాల కార్డులు ఆ రోజుతో ఆపేశాం.

ఇంకో ఇబ్బంది అప్పుడే బయటపడింది. ఆమె నేర్చుకున్న పుస్తకంలో బడిపిల్లల కోసం వాడే అచ్చు ఉంటుంది. అందులో కి, స అక్షరాల కింది ఒంపు పైభాగం నుంచి విడిగా ఉంటుంది. పత్రికల్లో, మందుల డబ్బాల మీద అదే ఒంపు కలిసిపోయి ఉంటుంది. ఆమెకు అది వేరే అక్షరంలా కనబడింది. రి, సొ, ఫు లదీ అంతే. నాలుగు రకాల అచ్చుల్లో ఒకే మాట కార్డు చేసి ఇవ్వడం నేను ఈ కేసు నుంచి అందరికీ మొదటి వారంలోనే మొదలుపెట్టాను.

ఈ పద్ధతి అందరికీ ఇలాగే నడుస్తుందని చెప్పను. ఈమెకు వార్డు ఉంది, మాట చూడగానే వస్తువు కళ్లముందుకు వస్తుంది. అనిమే కోసం జపనీస్ నేర్చుకునే ఇంజనీరింగ్ కుర్రాడికి పడకపుండు, చొంగ అంటే మొహం ముడుస్తాడు. అతనికి వేరే మాటలు కావాలి. రోమన్ తీసేయడం, ఆలస్యాన్ని తప్పుగా లెక్కించడం, కవలలను పక్కపక్కన పెట్టడం మాత్రం ఎవరికైనా మార్చను.

ప్రస్తుతం ఆమె ఎన్5 పాఠాల్లో సగం దాటింది, కంజి మొదలైంది. చదివేటప్పుడు పెదాలు కదలట్లేదు. సన్నటి అచ్చులో సొ, న్ వస్తే ఇంకా ఆగుతుంది. తెలియని మాటలో చిన్న త్సు ఉంటే రెండుసార్లలో ఒకసారి మింగేస్తుంది. చేతిరాత మాత్రం ఇంకా గోడలాగే ఉంది. కైగొ కేంద్రాల్లో ఒక షిఫ్టు వాళ్లు ఇంకో షిఫ్టు వాళ్లకు చేత్తో నోట్లు రాసి పెడతారు, అవి అచ్చులా ఉండవు. జపాన్‌లో పనిచేస్తున్న నా పాత విద్యార్థులను తమ చేతిరాతతో ఊహాజనితమైన నోట్లు కొన్ని రాసి ఫొటో పంపమన్నాను, నిజమైన పేషెంట్ల వివరాలేవీ ఉండకూడదని ముందే చెప్పాను. ఇప్పటికి వచ్చినవి అన్నీ తెలుగువాళ్ల చేతిరాతలే, గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. వాళ్ల జపనీస్ సహోద్యోగుల చేత రాయించి పంపమని మళ్లీ అడిగాను.